మూసే చెయ్యి

ఆశ్లేష కార్తె

తూముకాపరి రోజూ నాలుగు మాటలు రాయాలని నియమం. ఎవరు చదువుతారని అడిగితే "భద్రపరచబడుతుంది" అంటాడు మేస్త్రీ. మేస్త్రీ అంటే మనిషి కాదు. కాలువ పొడవునా తూముకొకటి చొప్పున పాతిన ఇనుప స్తంభాల్లోంచి మాట్లాడే గొంతు. భద్రపరచడమంటే అటక మీద పడెయ్యడమని నాకు తెలుసు కాబట్టి జంకు లేకుండా రాస్తున్నాను.

తేదీలు అతనికి అంకెల్లో కావాలి. నేను కార్తెల్లోనే వేస్తాను. నక్కలదిన్నెలో అందరూ అలాగే లెక్కపెడతారు. వాన మాట తప్పి రెండు తరాలైంది. కార్తెలు మాత్రం పాపం వేళకు వచ్చి, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోతున్నాయి.

ఇవాళ్టి పని: తూము తలుపు ఎత్తి దించే మరకు పట్టిన తెల్లటి పెచ్చును చింతపండు పెట్టి తోమాను. సముద్రాన్ని తీరంలో కడిగి, ఉప్పు తీసి, ఎత్తు మీద ఎత్తు ఎక్కించి ఇంతదూరం పంపుతారు. కడిగిన నీళ్లని అందుకే పేరు. ఎంత కడిగినా సముద్రం సముద్రమే, చిటికెడు ఉప్పు ఎక్కడో దాచుకునే వస్తుంది. వారం రోజులు తోమకపోతే మర తిరగదు.

నేను తోముతుండగానే హనుమక్క వచ్చింది. అరవై దాటిన మనిషి, మొగుడు లేడు, పిల్లల్లేరు, నోరు మాత్రం పదిమందికి సరిపోయేంత ఉంది. ఈ తూము కింద అన్నిటికన్నా పల్లంలో ఉన్న చేను ఆమెది. ఎప్పుడూ ఏదో ఒకటి తిడుతూ వచ్చే మనిషి ఇవాళ చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది.

"బాయిలో నీళ్లొచ్చినాయి మే," అంది. "ఎవురూ పొయ్యలా. అవే వచ్చినాయి."

ఆమె చేలో ఒక దిగుడుబావి ఉంది. ఆమె ఎరిగి అందులో నీళ్లు లేవు. ఆమె అవ్వ కాలంలోనే అడుగంటిపోయింది. ఆ అవ్వ రోజంతా అట్టడుగు మెట్టు మీద కూర్చుని, ఊరిన చెమ్మను కొబ్బరిచిప్పతో గీకి కడవలో పోసుకునేదట. ఒకరోజు పొద్దుగూకినా ఇంటికి రాకపోతే వెళ్లి చూశారు. చిప్ప చేతిలోనే ఉంది, కడవ సగం కూడా నిండలేదు, మనిషిలో ప్రాణం లేదు. అప్పటినుంచి దాన్ని అవ్వమెట్టు అంటారు. ఇవాళ అవ్వమెట్టు మునిగింది.

ఊరు ఊరంతా పరుగెత్తింది. గట్టుకు సున్నం కొట్టారు, పసుపు పూశారు, కొత్త చీర నీళ్లలో వదిలారు, పొట్టేలు తెగింది. తొంభై ఏళ్ల ముసలాయన ఒకాయన్ని మంచంతో సహా మోసుకొచ్చి నీళ్లు చూపించారు. ఆయన ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి కానీ నా కారణం వేరు. నేను పుట్టింది సముద్రం పక్కన లంకలో; అక్కడ బావి తనంతట తాను పొంగితే మేము పొట్టేలు కొయ్యం, సామాను కట్టుకుంటాం. ఆ మాట హనుమక్కతో అన్నాను. మీ లంకవాళ్లకు నీళ్లు ఎక్కువై కొవ్వు పట్టిందని తిట్టి, నాకు పొట్టేలు కూర పంపింది.

పుబ్బ కార్తె

ఈ ఊరి నీళ్ల వంతు ముగిసింది. తూము మూశాను.

ఈ పని గురించి ఒక మాట రాయాలి. ఇక్కడ తూము తెరవడానికి ఎవరైనా వస్తారు, పిల్లలు కూడా పోటీపడి మర తిప్పుతారు. మూయడానికి మాత్రం ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ రారు. నీళ్లకు దోవ మూసిన చేతికి ప్రాణం పోయే గడియలో నీటిచుక్క దొరకదని వీళ్ల నమ్మకం. అందుకని మూయడానికి బయటి మనిషిని పెట్టుకుంటారు. ఆ మనిషికి ఇక్కడ చారెడు నేల ఉండకూడదు, చుట్టరికం ఉండకూడదు. సముద్రం మా లంకను మింగాక మమ్మల్ని కాలువ వెంబడి విత్తనాలు చల్లినట్టు చల్లారు కాబట్టి అలాంటి మనుషులకు కరువు లేదు. నా పేరు నూకరత్నం. ఊళ్లో పిల్లలు నన్ను మూసే చెయ్యి అంటారు.

మూసే రోజున నేను మర దగ్గరికి వెళ్తుంటే అందరూ మొహాలు అటు తిప్పుకుంటారు. సాయంత్రం దాకా పొయ్యిలు వెలిగించరు. నాకివ్వవలసిన జొన్నలూ గుడ్డా తూముబండ మీద పెట్టి వెళ్తారు, చేతికివ్వరు. హనుమక్క ఒక్కతే నా చేతిలో పెడుతుంది. "పాపం తగులుతుందేమో అక్కా," అని మొదటిసారి నేనే వెనక్కి జరిగాను. తగిలితే తగలనీ, నా దగ్గర పోగొట్టుకోవడానికి ఏముందిలే అంది. పోయే గడియలో నీళ్లు దొరకవనే శాపం నన్నంతగా భయపెట్టదు. మావాళ్లంతా నీళ్లు ఎక్కువై పోయినవాళ్లే.

ఉత్తర కార్తె

బావి నిండింది. గట్టు మీద బోర్లా పడుకుంటే చెయ్యి తగులుతుంది. ఆడవాళ్లు పనేమీ లేకపోయినా వచ్చి, నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఈ ఊరి పెద్ద తిప్పన్న కూడా వచ్చి కూర్చున్నాడు. హనుమక్కకు మరిది, ఎగువ చేలన్నీ ఆయనవీ ఆయన దాయాదులవీ. మంచివాడే, కాకపోతే తాను అనుకున్నది ఊరంతా అనుకుంటుందని అనుకునే మనిషి.

తూముగది గోడ మీద కాలువ పటం వేసి ఉంటుంది. కాలువ నీలం గీత. దాని పక్కనే ఎర్ర చుక్కల గీత ఒకటి మా తూము దగ్గర మొదలై పల్లానికి పోతుంది. అదేమిటని ఇవాళ తిప్పన్నను అడిగాను. నవ్వుతూ చెప్పాడు. అది మురుగుకాలువట. పొలంలో మిగిలిన నీళ్లూ, నేలలోకి దిగిన ఉప్పూ దానిలోంచి బయటికి పోవాలని ఇంజనీర్లు గీశారట. తవ్వడానికి వచ్చినప్పుడు తిప్పన్న నాయన వాళ్లకు ఎదురెళ్లి, నీళ్లే లేని సీమకు మురుగుకాలువ ఏమిటికి సామీ, ఆ పనికి బదులు ఇంకో తూము పెట్టండి అని దణ్ణం పెట్టాడట. వాళ్లకూ అదే సులువైంది. తూము కడితే తడిసే ఎకరాలు పెరుగుతాయి, మురుగు తవ్వితే ఏం పెరుగుతుంది? ఊరు కోరింది, వాళ్లిచ్చారు, ఇరుపక్షాలూ పూలదండలు వేసుకున్నాయి.

అంటే నేను కాపలా కాస్తున్న ఈ తూమే తవ్వని ఆ మురుగుకాలువ. పటం మీద చుక్కలు మాత్రం ఎవరూ చెరపలేదు.

స్వాతి కార్తె

హనుమక్క చేలో తెలుపు కనిపించింది. పొద్దున్నే చూస్తే పల్లపు మూలలో ముగ్గు ఒలికినట్టుంది. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. ఆ రుచి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

హనుమక్కకూ తెలుసు. ఇక్కడివాళ్లు దాన్ని చౌడు అంటారు. తెలియనివాళ్లెవరూ లేరు. వేరుశనగ ఆకులు అంచుల్నించి మాడిపోతున్నాయి. ఎగువ చేలవాళ్లు పెట్టిన నీళ్లన్నీ నేలలోకి దిగి, పోయే దోవ లేక, ఆమె చేను కింద చేరి పైకి లేస్తున్నాయి. ఎండ నీళ్లను తాగేసి ఉప్పును వదిలేస్తోంది.

మేస్త్రీని అడిగాను. అతనికీ తెలుసు. ఏడాది పాటు తూము పూర్తిగా మూసి ఉంచితే భూగర్భజలం దిగుతుందనీ, పడ్డ నాలుగు చినుకులకే ఉప్పు కిందికి జారుతుందనీ చక్కగా చెప్పాడు. మరి మూసెయ్యమని ఆజ్ఞ ఇవ్వమన్నాను.

"గౌరవనీయులైన తూముకాపరి గారూ, ఇది సలహా మాత్రమే," అన్నాడు. "మూత మానవ హస్తం చేతనే జరగవలెను. అట్లు మూసినచో ఈ తూము పనితీరు క్షీణించినట్లు నమోదగును."

పనితీరంటే పండిన గింజలా అని అడిగాను. కాదట, పారిన నీళ్లట. గింజలు వేరే శాఖ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అనేది. ఇతని లెక్కలో మందు ఎంత పోశామన్నదే ఉంది, నాలుక సంగతి లేదు.

మూల కార్తె

ఇళ్లలోకి వచ్చింది. పల్లపు వీధిలో గోడలు మోకాలెత్తు వరకు చెమ్మెక్కాయి, పైన తెల్లటి నూగు. గచ్చు మీద చాప పరిస్తే తెల్లారేసరికి తడి. ఊదిన కొద్దీ రాలుతున్న గోడను చూసి తిప్పన్న, సున్నం నాసిరకం అన్నాడు.

పక్కవాడి చేలో చౌడు ఉంటే అది వాడి గాచారం, మన చేలోకి వస్తే అప్పుడు చూద్దాం అన్నట్టుంది ఊరు. అప్పటిదాకా వచ్చిన ప్రతి వంతూ పూర్తిగా పెట్టుకుంటున్నారు. పైరుకు అక్కర్లేకపోయినా పెడుతున్నారు. వచ్చిన నీళ్లను వద్దంటే అలుగుతాయని భయం. తడి నేల మీద మళ్లీ నీళ్లు పెడుతూ దిన్నె మీది పిల్లాడొకడు పాటలు పాడుతున్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. కరువు నా ఇంట్లో పుట్టి ఉంటే నేనూ అలాగే పాడేదాన్ని.

హనుమక్క పంట పోయింది. పీకిన మొక్కల వేళ్లకు కాయలు లేవు, నల్లటి పీచు ఉంది. ఆమె వాటిని గట్టు మీద వరసగా పెట్టి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నా చేనుతో ఆగేది కాదు ఇది," అంది. "ఏడాది మూసెయ్ మే."

"నేనెవర్నక్కా మూయడానికి? వంతు అయితే మూస్తాను. మధ్యలో మూస్తే మీ ఊరు నన్ను బతకనిస్తుందా?"

"ఊరితో నేను చెప్పుకుంటా."

"మీ మరిదితో చెప్పు ముందు."

ఆమె లేచి, మర మీద చెయ్యి వెయ్యబోయి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి తీసుకుంది. చేను పోయినా, ఆ చెయ్యి మాత్రం మూయడానికి రాలేదు.

ధనిష్ఠ కార్తె

తిప్పన్న చేలోకి చౌడు వచ్చింది. ఊరు కూడింది.

నన్నూ పిలిచారు, అయితే దూరంగా గోడ పక్కన కూర్చోబెట్టారు. మేస్త్రీ చెప్పిన నియమం నేనే వినిపించాను. వంతు వదులుకుంటే ఆ నీళ్లు కింది ఊళ్లకు పోతాయి. ఏడాది లోపల అడిగితే అడిగిన పూటే తిరిగి ఇస్తారు. ఏడాది దాటినా అడగకపోతే చేల మట్టిని మళ్లీ పరీక్షించి, బాగుందనుకుంటే కొత్త వంతు రాస్తారు. తాగే నీళ్లు గొట్టంలో వేరే వస్తాయి కాబట్టి వాటికి ఢోకా లేదు. పంట ఒక్కటే ఉండదు. దాచుకున్న కొర్రలూ జొన్నలూ, ఎగువ ఊళ్లలో కూలీ, అంతే.

పొద్దు వాలేదాకా ఒకే మాట అటూ ఇటూ తిరిగింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఎవరో అంటే, మాకు నుయ్యి నిండా నీళ్లున్నాయి కదా అని ఎవరో నవ్వబోయారు. ఎవరూ కలవలేదు. చివరికి తిప్పన్న లేచాడు.

"మా నాయన కాలవ కోసం కొట్లాడి, దాంట్లో నీళ్లు చూడకుండానే పాయ. నేను వచ్చిన నీళ్లను వద్దనాల్నా వదినా?"

హనుమక్క కూర్చునే చెప్పింది. "ఎండిన చేనుకు వాన పడితే పైరొస్తాది అబ్బీ. చౌడెక్కిన చేనుకు దేవుడే దిగొచ్చినా రాదు. నీళ్లు యాడికీ పోవు. ఒక్క ఏడు కడుపు కట్టుకుందాం. నేను ముందు కట్టుకుంటా."

ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మర్నాడు నేను మూయడానికి వెళ్తుంటే ఎప్పటిలాగే అటు తిరిగి నిలబడ్డారు, కానీ ఈసారి చాలామంది ఏడుస్తున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కానీ పిడికెడు పట్టడానికి ఎవరూ చెయ్యి చాపలేదు, నేనే మొత్తం తిప్పాను. మర అడుగుకు తగిలిన చప్పుడు విని ఒక ముసలామె కూలబడింది.

వెంటనే మేస్త్రీ పలికాడు. సలహా పాటించినందుకు ధన్యవాదాలు, పనితీరు క్షీణించినందుకు హెచ్చరిక. రెండూ ఒక్క గుక్కలో చెప్పాడు.

రేవతి కార్తె

రాయడానికి పనులు లేవు. మర తోమనక్కర్లేదు. అయినా తోముతున్నాను, చేతులు ఊరుకోవు.

సగం ఊరు ఎగువకు కూలికి పోయింది. మిగిలినవాళ్లు కొర్రగంజి తాగుతున్నారు. ఒక్కరూ పస్తు పడుకోలేదు, అది నిజం. గోడల చెమ్మ అడుగు దిగింది. అదీ నిజమే కానీ దాన్ని చూసి సంతోషించిన మనిషి నాకు కనిపించలేదు.

వాళ్లు చూస్తున్నది బావిని. పొద్దున్నే లేచి మొహం కడగకముందే గట్టు దగ్గరికి వచ్చి తొంగిచూస్తున్నారు. చెయ్యి అందడం మానేసింది. తర్వాత బట్టలుతికే బండ తేలింది. తర్వాత ఆంజనేయుడి బొమ్మ చెక్కిన రాయి తేలింది, దాని మీద పసుపు ఇంకా అలాగే ఉంది. నీళ్లు దిగుతున్నాయంటే మందు పనిచేస్తోందన్నమాట. నేను ఒకరిద్దరితో ఆ మాటే అన్నాను. వాళ్లు తలూపి, బావిలోకి చూసి, నిట్టూర్చి వెళ్లిపోయారు. వీళ్ల తాతముత్తాతలందరి కథా ఒక్కటే, బావి దిగడం. అది మంచి వార్త కాగలదని ఒంటికి ఎలా చెప్పుకుంటారు? మెడ పట్టుకుని ముంచితే ఈత నేర్చుకుంటావని మా లంకవాళ్లకు చెప్పినట్టుంటుంది.

హనుమక్క మాత్రం గట్టిగా ఉంది. దిగితే దిగనీ అంటోంది. కాకపోతే రోజుకు రెండుసార్లు వస్తోంది చూడడానికి.

భరణి కార్తె

గరిక! ఆమె చేలో పల్లపు మూల, తెలుపు పగిలి పెచ్చులు లేచినచోట, సన్నగా ఆకుపచ్చగా గరిక మొలిచింది. మొన్న ఊరికే ఒక జల్లు పడి పోయింది, అదే చాలింది కాబోలు. నేను కూర్చుండిపోయాను. మా లంకలో ఉప్పెక్కిన నేల మళ్లీ పచ్చబడడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నపిల్లలా చేతులతో నిమిరాను, అక్కడే ఏడ్చాను కూడా.

హనుమక్కను లాక్కొచ్చి చూపించాను. ఆమె వంగి చూసింది, ఒక పోచ తెంపి నమిలింది. ఉప్పగా లేదంది. నవ్వింది. మూసిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఇంకో రెండు వానలు చాలు, మళ్లీ మృగశిరకు కొర్ర చల్లుకోవచ్చు అని నేను ఆశపెట్టాను. సరే మే, సరే మే అంటూనే ఉంది. మేమిద్దరం గట్టు వెంబడి వెనక్కి వస్తుంటే బావి దగ్గర ఆగింది. నేనూ ఆగాను. లోపల, నీళ్ల కింద, అవ్వమెట్టు మసకగా కనిపిస్తోంది. ఇంటిదాకా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం తూముగదిలో కునుకు తీస్తుంటే చప్పుడైంది. హనుమక్క మర దగ్గర నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. మోకాళ్ల దాకా ఎండిన బురద, చేతిలో కొబ్బరిచిప్ప. ఆమె బావిలోకి దిగి వచ్చిందని అర్థమైంది.

"అవ్వమెట్టు బయటపడింది మే," అంది.

"పడాలనే కదక్కా మూశాం. ఇంకొంచెం దిగితే..."

"తెలుసు. మూయమన్నది నేనే కదా." ఆమె గొంతులో కోపం లేదు. "దాని మీద కూచుని చూసినా. ఊరికే చూద్దామని. కూచుంటే లెయ్యలేకపోతిని. నాకు తెలీకుండానే చిప్పతో గీకుతాండా. కడవ లేదు, ఏమీ లేదు, గీకుతానే ఉండా."

నేను మరకు అడ్డంగా నిలబడ్డాను. గరిక సంగతి చెప్పాను. చేను బతుకుతోందని చెప్పాను. ఇప్పుడు తెరిస్తే ఇన్నాళ్ల గంజీ వృథా అని, తిప్పన్న మళ్లీ మూయనివ్వడని, ఊరు రెండోసారి కడుపు కట్టుకోదని చెప్పాను. చేతులు పట్టుకున్నాను. అన్నీ విన్నది. ప్రతిదానికీ తలూపింది. ఆమెకు తెలియనిది నేనొక్కటీ చెప్పలేదు.

వెనక ఊరు చేరుతోంది. తిప్పన్న కూడా వచ్చాడు. ఎవరూ ఆమెను ఆపలేదు, ఎవరూ ఉసిగొల్పలేదు. వాళ్ల కళ్లు మాత్రం మర మీదే ఉన్నాయి. ఈ ఎండల్లో వాళ్లందరూ రోజూ ఆ బావిలోకి దిగి, అదే మెట్టు మీద కూర్చుని వచ్చినట్టున్నారు. ఆమె ఒక్కతే పైకి చెప్పింది.

"చేను ఎండితే నేను బతికినా మే. మా అమ్మ బతికింది. అది మాకు వచ్చు," అంది హనుమక్క. "బాయి ఎండేది చూస్తా కూచునేది నాకు చేతకాదు. జరుగు. మూసేదానికి నువ్వు కావాల. తెరిచేదానికి ఎవురూ అక్కర్లేదు."

నేను జరిగాను. జరగకపోయి ఉంటే ఆమె నన్ను తోసేది కాదు, అక్కడే కూర్చునేది. రోహిణి ఎండలో, ఆ చిప్పతో. అది నేను చూడలేకపోయాను.

ఆమె తిప్పడం మొదలుపెట్టగానే తిప్పన్న వచ్చి పక్కన చెయ్యి వేశాడు. తర్వాత ఎంతమంది వేశారో. మూసేటప్పుడు రాని చేతులన్నీ వచ్చాయి. స్తంభం పలికింది: వంతు పునరుద్ధరించబడినది, అభినందనలు. కింది ఊళ్లకు పోతున్న నీళ్లు మలుపు తిరిగి వచ్చేసరికి పిల్లలు అందులో దూకి కేకలు పెట్టారు. హనుమక్క గట్టు మీద కూలబడి వాళ్లను చూస్తూ ఉండిపోయింది. ఆమె మొహంలో సుఖం ఉంది, దాని కింద ఇంకేదో కూడా ఉంది, నేను దాన్ని పేరు పెట్టి పిలవను.

మృగశిర కార్తె

మర తోమాను. చింతపండు అయిపోయింది, మళ్లీ తెచ్చుకోవాలి.

గరిక పండుబారింది, తర్వాత తెల్లబడింది. ఇప్పుడు పల్లపు మూల ఏదో, పక్క చేను ఏదో తెలియదు. పల్లపు వీధిలో రెండిళ్లవాళ్లు గోడలు వదిలేసి దిన్నె మీదికి మారారు. తిప్పన్న ఈసారి కొర్ర చల్లాడు. మొలకెత్తలేదు. మళ్లీ చల్లుతానంటున్నాడు. నీళ్లున్నాయి కదా అంటున్నాడు.

మేస్త్రీ ఇవాళ ప్రత్యేకంగా నన్ను పేరు పెట్టి పిలిచాడు. కాలువ మొత్తం మీద చివరి తూముల్లో నక్కలదిన్నె పనితీరు మొదటి స్థానంలో ఉన్నదట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వడ్డించేవాడు మా విస్తరి చూడకుండా వడ్డిస్తూనే ఉన్నాడు. అతని మీద నాకు కోపం ఎందుకు రావడం లేదో తెలియదు. బహుశా అతనికి ఆపమని చెప్పవలసింది మేమే కాబట్టి.

హనుమక్క మంచాన పడింది. పెద్ద జబ్బేమీ కాదు, ఎండదెబ్బ, వయసు, అంతే అంటారు. బతకాలన్న ఆశ లేకపోవడం కూడా ఒక జబ్బేనని నేననుకుంటాను. బావి నిండింది, చెయ్యి మళ్లీ అందుతోంది. ఆమె అడిగితే ఒక చెంబుతో ముంచి తెచ్చి ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పెట్టుకుని, పుక్కిట పట్టి, కాసేపు ఉంచుకుంది. నేనూ రుచి చూశాను. మా లంకలో చివరి ఏడు బావి నీళ్లు ఇలాగే ఉండేవి.

ఉమ్మేస్తుందనుకున్నాను. మింగింది.

"ఉప్పగా ఉంటే ఏమి, నీళ్లు నీళ్లే కదా," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, పోయే గడియలో తన నోట్లో ఈ బావి నీళ్లే పొయ్యమంది. వేరే ఎవరి చేతా కాదు, నా చేతే. మూసిన చేతికి నీళ్లు దొరకవంటారు కదా, మూయించిన నోటికి ఆ చేతి నీళ్లే దొరికితే శాపం ఎలా తగులుతుందో చూద్దామని నవ్వింది. నేను మాటిచ్చాను.

తాగే గొట్టం నీళ్లు ఒక చిన్న కడవలో పట్టి, వడకట్టి, మూత పెట్టి తూముగదిలో ఉంచాను. రెండురోజులకొకసారి మారుస్తున్నాను. ఆ వేళ వచ్చినప్పుడు అవే పోస్తాను. బావి నీళ్లేనని చెబుతాను.

వంతు ఎల్లుండితో ముగుస్తుంది. మూయాలి.